ఫ్యామిలీతో టీచర్ ఉద్యోగానికి వెళ్తున్నారా: మాల్దీవులు, షార్జా-దుబాయ్, అమెరికాల్లో ఎవరికి ఏది కుదురుతుంది

బయట దేశంలో టీచర్ పోస్టు వచ్చిందని చెప్పగానే అందరూ అడిగేది జీతం ఎంత, నెలకు ఎంత మిగులుతుంది అని. అడగాల్సిందే, డబ్బు కోసం కాకపోతే ఇల్లూ వాకిలీ వదిలి ఎవరు వెళ్తారు. కానీ దానికన్నా ముందు తేల్చుకోవాల్సింది ఇంకోటుంది. పొద్దున ఏడింటికల్లా మీరు స్కూల్లో ఉంటారు, మీకు పని ఉంది, స్టాఫ్‌రూమ్ ఉంది, మాట్లాడటానికి మనుషులున్నారు. ఆ టైమ్‌లో మీ ఆయనో మీ ఆవిడో ఏం చేస్తుంటారు? పిల్లలు ఏ సిలబస్ చదువుతుంటారు, ఆ సిలబస్‌తో మళ్లీ మన ఊరొస్తే ఎక్కడ చేరతారు? ఈ రెండిటికీ జవాబు రాసుకుంటే ఏ దేశమో దాదాపు తేలిపోతుంది. జీతం కాస్త తక్కువైనా సర్దుకోవచ్చు గానీ, ఇంట్లో ఒక మనిషి రోజంతా ఏమీ తోచక కూర్చుంటే ఏడాది తిరక్కుండానే ‘వెళ్లిపోదాం’ మొదలవుతుంది.

మేమిద్దరం టీచర్లమే. మొదట మాల్దీవుల్లో ఒక చిన్న దీవిలో పనిచేశాం, తర్వాత షార్జాకి మారాం. మా ఆడపడుచు జే-1 వీసా (బయటి దేశాల టీచర్లను కొన్నేళ్లకి పిలిపించుకునే అమెరికా వీసా) మీద సౌత్ కరోలినాలో మ్యాథ్స్ చెబుతోంది, పిల్లలతో సహా అక్కడే ఉంది. అందుకే ఈ మూడింటి గురించే రాస్తున్నాను. బ్రిటన్, భూటాన్ సంగతి వాటిలో ఉన్నవాళ్లు రాస్తేనే బాగుంటుంది.

ఇంట్లో ఉండే మనిషి సంగతి

మాల్దీవుల్లో జనం ఉండే దీవులు రెండొందల లోపే, వాటిలో చాలావాటిని అరగంటలో చుట్టి రావచ్చు. ఒక స్కూలు, ఒక హెల్త్ సెంటరు, రెండు మూడు కొట్లు, ఒక మసీదు, ఒక జెట్టీ. డిపెండెంట్ వీసా మీద వచ్చిన భర్తకో భార్యకో అక్కడ ఉద్యోగం చేసే వీలుండదు, ఒకవేళ ఉన్నా చేయడానికి ఉద్యోగమే ఉండదు. మొదటి నెల సముద్రం చూసి ఫొటోలు పెడతారు, ఆ తర్వాత ఫోనే గతి. కాబట్టి నా మాట సూటిగా చెప్తాను: ఇద్దరూ టీచర్లయి, ఇద్దరికీ ఒకే దీవిలో పోస్టింగ్ రాతపూర్వకంగా వస్తేనే మాల్దీవులకి ఫ్యామిలీతో వెళ్లండి. "ముందు ఒకరు చేరండి, రెండో వాళ్లకి తర్వాత చూద్దాం" అంటే ఆ తర్వాత ఇంకో అటోల్‌లో (దీవుల గుంపులో) చూస్తారు, మీరు వారాంతాల్లో ఫెర్రీ టైమింగులు చూసుకుంటూ బతకాలి. అన్నట్టు వారాంతం అంటే అక్కడ శుక్ర, శనివారాలు. ఆదివారం మన వాళ్లంతా ఇంట్లో ఉండి వీడియో కాల్ చేసే టైమ్‌కి మీరు క్లాసులో ఉంటారు.

షార్జా, దుబాయ్‌లలో ఈ బాధ చాలా తక్కువ. భర్త వీసా మీద ఉన్న భార్య గానీ, భార్య వీసా మీద ఉన్న భర్త గానీ కంపెనీ వర్క్ పర్మిట్ తీస్తే ఉద్యోగం చేసుకోవచ్చు. ఉద్యోగం దొరకడం వెంటనే కాకపోవచ్చు, కానీ బయటికి వెళ్తే మనుషులుంటారు, తెలుగు వాళ్లు ప్రతి బిల్డింగ్‌లో ఎవరో ఒకరు తగులుతారు. ఫ్యామిలీని స్పాన్సర్ చేయాలంటే నెల జీతం 4,000 దిర్హాములు, లేదా 3,000తో పాటు వసతి ఉండాలి. ఇక్కడే చాలామంది ఆగిపోతారు. ఇండియన్ సిలబస్ స్కూళ్లలో మొదట ఆఫర్ చేసేది ఈ హద్దు దగ్గరలోనే ఉంటుంది, ఒక్కోసారి దానికి కిందే. ఆఫర్ లెటర్లో వసతి లేకుండా 3,500 అని ఉంటే దాని అర్థం వెళ్లేది మీరొక్కరే అని, ఆ సంగతి రిక్రూటర్ చెప్పడు.

అమెరికాలో జే-1 టీచర్ భర్త లేదా భార్య జే-2 మీద వెళ్తారు. వాళ్లు వర్క్ పర్మిట్‌కి అప్లై చేసుకోవచ్చు, అది వచ్చాక దాదాపు ఏ ఉద్యోగమైనా చేయొచ్చు. అయితే కార్డు చేతికి రావడానికి నెలలు పడుతుంది, అప్లికేషన్‌లో ఆ సంపాదన టీచర్ ఖర్చుల కోసం కాదని చెప్పాలి కూడా. అసలు కష్టం కార్డు కాదు, కారు. ఇండియా నుంచి టీచర్లను పిలిచే స్కూల్ డిస్ట్రిక్టులు ఎక్కువగా అక్కడి వాళ్లు రావడానికి ఇష్టపడని చోట్లే ఉంటాయి: సౌత్ కరోలినా పల్లెలు, అరిజోనా, న్యూ మెక్సికో ఎడారి ఊళ్లు. బస్సులుండవు. ఒకే కారు ఉంటే అది స్కూల్ పార్కింగ్‌లో ఉంటుంది, ఇంకో మనిషి ఇంట్లో ఉంటారు. మా ఆడపడుచు వాళ్లు రెండో పాత కారు కొన్నాకే ఇంట్లో పోట్లాటలు తగ్గాయని నవ్వుతూ చెబుతుంది. మనకక్కడ క్రెడిట్ హిస్టరీ ఉండదు కాబట్టి మొదటి కారుకి ఎక్కువ భాగం నగదే పెట్టాల్సి వస్తుంది. ఆ డబ్బు ఇక్కణ్నుంచే సర్దుకుని వెళ్లాలి.

పిల్లల చదువు: తేడా అంతా ఇక్కడే

పిల్లలు మూడో తరగతి లోపు ఉంటే ఈ భాగం గబగబా చదివేయండి, ఎక్కడికి వెళ్లినా పెద్ద నష్టం లేదు. ఆరు దాటితే మాత్రం క్యాలెండర్ ముందు పెట్టుకుని కూర్చోండి.

మాల్దీవుల్లో మీ పిల్లలు మీ స్కూల్లోనే చదువుతారు. పాఠాలు ఇంగ్లిష్‌లో, దివేహి భాష, ఇస్లాం మాత్రం వాళ్ల భాషలో. ఆ పీరియడ్లలో మన పిల్లల్ని లైబ్రరీలో కూర్చోబెట్టడం మామూలే. క్లాసులో పిల్లలు తక్కువ, టీచర్లు మంచివాళ్లు (మరి మనమే కదా), పిల్లలు భయం లేకుండా వీధుల్లో తిరుగుతారు, ఈత వస్తుంది. చిన్నపిల్లలకి అంతకన్నా స్వర్గం లేదు. పదో తరగతికి వచ్చేసరికి మాత్రం కేంబ్రిడ్జ్, ఎడెక్సెల్ లాంటి బ్రిటన్ బోర్డుల తరహా ఓ-లెవెల్ పరీక్షలు (మన టెన్త్ లాంటివి) రాస్తారు, పైన ఏ-లెవెల్ (మన ఇంటర్ లాంటిది) అన్ని దీవుల్లో ఉండదు. ఆ సర్టిఫికెట్‌తో మన దగ్గర ఇంటర్‌లో చేరాలంటే అది మన టెన్త్‌కి సమానమనే ఈక్వివలెన్స్ కాగితం కోసం తిరగాలి, మన ఎంపీసీ సిలబస్‌కి అది అతకడానికి ఇంకో ఏడాది పడుతుంది.

యూఏఈలో సీబీఎస్ఈ స్కూళ్లు వందకు పైనే ఉన్నాయి, ఏప్రిల్‌లోనే మొదలవుతాయి, పుస్తకాలు మనవే. ఆరో తరగతి సగంలో తిరిగొచ్చినా హైదరాబాద్‌లోనో విజయవాడలోనో సీబీఎస్ఈ స్కూల్లో కూర్చోబెట్టొచ్చు. నీట్ సెంటర్లు కూడా దుబాయ్, అబుదాబి, షార్జాల్లో ఉన్నాయి. అదనంగా అరబిక్ తొమ్మిదో తరగతి దాకా తప్పనిసరి. పిల్లలు విసుక్కుంటారు గానీ మార్కుల గొడవేమీ కాదు. తెలుగు రెండో భాషగా దొరకడం అరుదు, హిందీనో ఇంకోటో తీసుకోవాలి. తెలుగు చదవడం రాయడం కావాలంటే వారాంతపు మనబడి లాంటి క్లాసులే దిక్కు. ఫీజు మాత్రం జేబుకి తగులుతుంది. స్టాఫ్ పిల్లలకి ఎంత రాయితీ, ఎంతమంది పిల్లలకి, బస్సు ఫీజు అందులో ఉందా అనేది జీతం కన్నా ముందు అడగండి. ఇద్దరు పిల్లలున్న ఇంట్లో వంద శాతం రాయితీకీ యాభై శాతానికీ ఉన్న తేడా మీ మిగులు మొత్తాన్నీ మింగేస్తుంది.

ఇంకో చిన్న చిక్కు. షార్జాలో 2022 నుంచి శుక్ర, శని, ఆది మూడు రోజులు సెలవు. దుబాయ్‌లో శుక్రవారం సగం పూట స్కూలుంది. ఇల్లు షార్జాలో, మీ ఉద్యోగం దుబాయ్‌లో, పిల్లలు షార్జా స్కూల్లో అయితే ప్రతి శుక్రవారం పొద్దున పిల్లల్ని ఎవరు చూస్తారన్నది వారం వారం వచ్చే టెన్షన్.

అమెరికాలో పబ్లిక్ స్కూలు ఉచితం, అయిదేళ్లు నిండితే కిండర్‌గార్టెన్, పసుపు బస్సు కూడా ఉచితమే. ఆ బస్సుని ఒకసారి దగ్గర్నుంచి చూడాలి. ఎర్ర లైట్లు వెలిగి, పక్కనుంచి చిన్న స్టాప్ బోర్డు బయటికి తెరుచుకుంటే, వెనక ఎన్ని కార్లున్నా హారన్ అనేది లేకుండా ఆగిపోతాయి, పిల్ల రోడ్డు దాటి మెట్లెక్కి సీట్లో కూర్చునేదాకా. మా ఆడపడుచు అత్తగారు అది చూడ్డానికే రోజూ కిటికీ దగ్గర నిలబడేవారట. అదే స్కూల్లో, ఎవరైనా తుపాకీతో వస్తే ఎలా దాక్కోవాలో నేర్పే లాక్‌డౌన్ డ్రిల్ కూడా ఉంటుంది, లైట్లు ఆర్పేసి పిల్లలంతా మూల కూర్చుని చప్పుడు చేయకుండా ఉండాలి. ఏడేళ్ల పిల్ల ఇంటికొచ్చి దాని గురించి మామూలుగా చెప్తుంటే వినడం తల్లికి అంత తేలిక కాదు. అయిదేళ్ల లోపు పిల్లలుంటే డేకేర్ ఖర్చు చూసుకునే వెళ్లండి, జే-2 మీద ఉన్న మనిషికి వచ్చే జీతం మొత్తం దానికే పోయే ఊళ్లున్నాయి.

జే-1 టీచర్ గడువు మూడేళ్లు, పొడిగిస్తే ఇంకో ఒకటి రెండేళ్లు, అంతే. నాలుగో తరగతిలో తీసుకెళ్తే తొమ్మిదికి వెనక్కి వస్తారు, పర్వాలేదు. ఏడులో తీసుకెళ్తే పదకొండు, పన్నెండు మధ్యలో ఊడబెరికి తెచ్చినట్టవుతుంది. పైగా తెలంగాణలో ఎంబీబీఎస్ సీటుకి స్థానికులుగా లెక్క కట్టాలంటే 9 నుంచి 12 దాకా వరసగా నాలుగేళ్లు రాష్ట్రంలోనే చదివి ఉండాలి. ఆ నిబంధనను సుప్రీంకోర్టు కూడా 2025 సెప్టెంబర్‌లో సమర్థించింది. ప్రైవేటుగా బయటికి వెళ్లిన టీచర్ల పిల్లలకి అందులో మినహాయింపు లేదు. ఆంధ్రప్రదేశ్‌లోనూ స్థానికత లెక్క వరసగా చదివిన ఏళ్ల మీదే నడుస్తుంది. కాబట్టి డాక్టర్ కోర్సు మనసులో ఉన్న ఇంట్లో పిల్ల ఎనిమిది పూర్తి చేసేసరికి ఊళ్లో ఉండాలి. షార్జాలో సీబీఎస్ఈ చదివినా సరే ఈ లెక్క మారదు. నాకు తెలిసి ఈ ఒక్క సంగతి తెలియక ఇబ్బంది పడ్డ కుటుంబాలు, జీతం తక్కువై ఇబ్బంది పడ్డ వాటికన్నా ఎక్కువ.

తిండి, ఒళ్లు, పండగ

దీవుల్లో కూరగాయలు పడవ మీద రావాలి. పడవ వచ్చే రోజు సాయంత్రం జెట్టీ దగ్గర ఊరంతా ఉంటుంది. ఉల్లిపాయల బస్తాల మీద, అట్టపెట్టెల మీద మార్కర్‌తో కొట్టు పేరో ఇంటి పేరో రాసి ఉంటుంది, తోపుడు బండ్ల మీద వాటిని తోసుకుపోతుంటే వెనకాలే మనమూ కొట్టు దాకా నడవాలి, ఎందుకంటే కొత్తిమీర, టమాటా మొదటి గంటలోనే అయిపోతాయి. నైరుతి రుతుపవనాల్లో సముద్రం బాగోకపోతే పడవ రాదు, అప్పుడు పప్పు, ఆలుగడ్డ, గుడ్డు. చేపలు తినేవాళ్లకి కొరత లేదు, ట్యూనా లేని రోజుండదు. శాకాహారులైతే మినప్పప్పు, చింతపండు, ఆవకాయ, ఎండుమిర్చి లగేజీలో సగం పెట్టుకోండి. దేవుడి విగ్రహాలు, పటాలు మాత్రం వద్దు, కస్టమ్స్‌లో తీసేసుకుంటారు. ఇంట్లో తలుపేసుకుని దణ్ణం పెట్టుకోవడం మీ ఇష్టం, బయటికి కనిపించే పూజ కుదరదు. ఇది తేలిగ్గా తీసుకోగలిగేవాళ్లే వెళ్లాలి. ఇంట్లో నిత్యపూజ చేసే అత్తగారిని నాలుగు నెలలు ఉంచుకుందామనుకుంటే ముందే చెప్పండి ఆవిడకి.

జబ్బు సంగతి కూడా దీవిలో వేరుగా ఉంటుంది. జ్వరానికి హెల్త్ సెంటర్ సరిపోతుంది, అక్కడి డాక్టర్లలో ఇండియన్లూ ఉంటారు. కాన్పు, ఆపరేషన్, పిల్లల ఆస్తమా లాంటివాటికి పెద్ద దీవికో రాజధాని మాలేకో వెళ్లాలి. స్పీడ్‌బోటులో, అర్ధరాత్రి, గాలివానలో అని ఊహించుకుని చూడండి. గర్భంతో ఉన్నవాళ్లకి, బీపీ షుగర్ ఉన్న పెద్దవాళ్లకి నేనైతే వద్దంటాను.

షార్జాలో తిండి గురించి రాయాల్సిందేమీ లేదు, గోంగూర దగ్గర్నుంచి అన్నీ దొరుకుతాయి. దుబాయ్ జెబెల్ అలీలో 2022లో కొత్త హిందూ గుడి తెరిచారు, అబుదాబిలో 2024 ఫిబ్రవరిలో బాప్స్ (స్వామినారాయణ సంస్థ) మందిరం మొదలైంది. సంక్రాంతికి సెలవుండదు, సాయంత్రం ఎవరింట్లోనో కలవడమే. అమెరికా పల్లె ఊళ్లలో ఇండియన్ స్టోర్‌కి గంటో గంటన్నరో డ్రైవ్, నెలకోసారి బియ్యం బస్తాతో సహా తెచ్చుకుంటారు. స్కూల్ లంచ్‌లో బీఫ్, పోర్క్ ఉంటాయి. పిల్లలకి ఏది ఏమిటో చెప్పి పంపాలి, లేదా డబ్బా కట్టాలి. ఆరోగ్యానికి వస్తే స్పాన్సర్ (జే-1 మీద టీచర్ని పిలిపించే సంస్థ) ఇచ్చే ఇన్సూరెన్స్ టీచర్ ఒక్కరికేనా, భర్త పిల్లలకి మీరు విడిగా కట్టాలా అన్నది కాగితం మీద చూడకుండా సంతకం పెట్టకండి. నలుగురికి కలిపి నెల నెలా కోత పడేసరికి చెప్పిన జీతానికీ చేతికొచ్చే జీతానికీ పోలికే ఉండదు.

డబ్బు

జీతం అంకె అమెరికాదే పెద్దది. సౌత్ కరోలినాలో 2024-25కి కొత్త టీచర్‌కి రాష్ట్రం పెట్టిన కనీసం ఏడాదికి 47,000 డాలర్లు. డిస్ట్రిక్టుల జీతాల పట్టికలు వాళ్ల సైట్లలోనే ఉంటాయి, మీ అనుభవానికి ఎంతో మీరే చూసుకోవచ్చు, ఏజెంట్‌ని అడగక్కర్లేదు. స్పాన్సర్ ఫీజులు, వీసాకి ముందు కట్టే 220 డాలర్ల సెవిస్ ఫీజు, వీసా, టికెట్లు, కారు, ఇంటి అడ్వాన్సు కలిపితే మొదటి ఏడాది అప్పు తీరడానికే సరిపోతుందని అనుకుని వెళ్తే నిరాశ ఉండదు. పన్ను గురించి ఒకటి గట్టిగా చెప్పాలి. ఇండియా-అమెరికా ఒప్పందంలో 22వ ఆర్టికల్ కింద టీచర్లకి రెండేళ్లు పన్ను మినహాయింపు ఉందని అందరూ చెప్తారు. నిజమే, కానీ మీరక్కడ ఉన్నది రెండేళ్లు దాటితే ఆ మినహాయింపు మొదటి రోజు నుంచీ పోతుంది. మూడేళ్ల ఒప్పందం మీద వెళ్తూ దాన్ని వాడుకుంటే తర్వాత వెనకటి పన్ను కలిపి కట్టాలి. వచ్చిన డబ్బుని ఇంటికి పంపేసి ఉంటే అప్పుడు తెలుస్తుంది తంటా. ఇంకో మాట, "ముందు జే-1, తర్వాత స్కూలే హెచ్-1బీ చేస్తుంది" అనే మాటలు నమ్మి ప్లాన్ వేసుకోవద్దు.

యూఏఈలో జీతం మీద పన్ను లేదు, దిర్హాము డాలర్‌కి కట్టి ఉంటుంది కాబట్టి రేటు గురించి బెంగ లేదు. మిగులు మాత్రం ఇల్లు తినేస్తుంది. అద్దె ఏడాదికి చెక్కుల్లో కట్టాలి. రెండు జీతాలుంటే హాయిగా ఉంటుంది, ఒక్క టీచర్ జీతంతో నలుగురు అంటే నెలాఖరు ఎప్పుడూ ఇబ్బందిగానే ఉంటుంది. గ్రాట్యుటీ లెక్క మొత్తం జీతం మీద కాదు, బేసిక్ మీద: మొదటి అయిదేళ్లకి ఏడాదికి 21 రోజుల బేసిక్. అలవెన్సులు పెంచి బేసిక్ చిన్నది చేసే ఆఫర్లు ఎందుకలా ఉంటాయో ఇప్పుడర్థమైందనుకుంటా.

మాల్దీవుల్లో ఖర్చు పెట్టడానికి చోటే లేదు, అదే దాని బలం. ఇద్దరి జీతాల్లో ఒకటి మొత్తం మిగులుతుంది. కానీ జీతం అక్కడి కరెన్సీ రుఫియాల్లో వస్తుంది, అక్కడ డాలర్ల కొరత ఉంది, బ్యాంకులు నెలకు పంపుకునే డబ్బుకి పరిమితి పెడతాయి, ఈ మధ్య అవి బాగా బిగిశాయి. ఇండియాలో హోమ్ లోన్ ఈఎంఐ నడుస్తున్న వాళ్లకి అకౌంట్లో డబ్బుండీ కట్టలేని పరిస్థితి వస్తుంది. ఈఎంఐ ఉంటే వద్దు, లేకపోతే ఆలోచించండి.

ఇక నా ఎంపిక అడిగితే

ఇద్దరూ టీచర్లు, పిల్లలు చిన్నవాళ్లు, అప్పుల్లేవు, పెద్దవాళ్ల ఆరోగ్యం బాగుంది అంటే మాల్దీవులు. మూడు నాలుగేళ్లు ప్రశాంతంగా ఉండి రావచ్చు. ఒకరే టీచర్, రెండో వాళ్లకి అకౌంట్స్, ఐటీ, నర్సింగ్ లాంటి చదువు ఉంది, పిల్లలు నాలుగో తరగతికీ ఎనిమిదో తరగతికీ మధ్య ఉన్నారు అంటే యూఏఈ, అది కూడా ఫీజు రాయితీ బాగా ఇచ్చే స్కూలైతేనే. మ్యాథ్స్, సైన్స్, స్పెషల్ ఎడ్యుకేషన్‌లో కనీసం రెండేళ్లకి పైగా అనుభవం ఉండి, క్లాసులో అల్లరిని తట్టుకునే ఓపిక ఉండి, ఇద్దరికీ డ్రైవింగ్ వచ్చి, పిల్లలు నాలుగో తరగతి లోపు ఉంటే అమెరికా. పిల్లలు తొమ్మిది, పదిలో ఉన్నారంటే ఎక్కడికీ ఫ్యామిలీతో వద్దు. ఒకరు వెళ్లడమో, ఇంటర్ అయ్యేదాకా ఆగడమో చేయండి. ఇది చాలామందికి నచ్చదు, తెలుసు.

ఆఫర్ వచ్చాక ఆ స్కూల్లో ఇప్పుడు పనిచేస్తున్న ఇండియన్ టీచర్ ఒకరితో, వీలైతే వాళ్ల భర్తతోనో భార్యతోనో మాట్లాడించమని అడగండి. టీచర్ జీతం గురించి చెప్తారు, ఇంట్లో వాళ్లు నీళ్లు ఎన్ని గంటలు వస్తాయో చెప్తారు. మాట్లాడించడానికి స్కూలు నసిగితే అదే జవాబు. వేసవి రెండు నెలల జీతం వస్తుందా, టికెట్ ఒకరికా అందరికా, మధ్యలో మానేస్తే ఎంత కట్టాలి, ఈ మూడూ మెయిల్‌లో రాయించుకోండి. పాస్‌పోర్ట్ స్కూల్ దగ్గర పెట్టుకుంటామంటే ఒప్పుకోకండి, యూఏఈలో అది చట్టవిరుద్ధం.

కాగితాలు మాత్రం ఈ రోజే మొదలుపెట్టండి. యూఏఈకి డిగ్రీ, బీఎడ్ సర్టిఫికెట్లు రాష్ట్ర ప్రభుత్వం, విదేశాంగ శాఖ, వాళ్ల ఎంబసీ వరసగా అటెస్ట్ చేయాలి, ఫ్యామిలీ వీసాకి పెళ్లి సర్టిఫికెట్, పిల్లల బర్త్ సర్టిఫికెట్లకీ అదే వరస. గుడిలో ఇచ్చిన రసీదు, శుభలేఖ పనికిరావు, రిజిస్ట్రార్ ఆఫీసులో నమోదైన సర్టిఫికెట్టే కావాలి, అది లేని జంటలు మనలో ఇంకా చాలామంది ఉన్నారు. టెన్త్ సర్టిఫికెట్లో ఇంటిపేరు పొడి అక్షరంగా, పాస్‌పోర్ట్‌లో పూర్తిగా, పిల్లల బర్త్ సర్టిఫికెట్లో అమ్మ పుట్టింటి పేరుతో ఉంటే ముందు వాటిని ఒక దారికి తెచ్చాకే అటెస్టేషన్‌కి ఇవ్వండి, తర్వాత సరిచేయిస్తే ఆ ఖర్చూ ఆ తిరుగుడూ మళ్లీ మొదటి నుంచీ.